మూడు కథల పద్యము, మూడు క్షణముల చూపు

కొల్లాపూరు పేరు వినగనే సామాన్యముగా జనులకు స్ఫురించునవి అచ్చటి మామిడితోటలును, సురభి రాజుల భవనమును. ఈ రెండింటికంటె విలువయైనది మరియొకటి కలదు. దానిని తలచుకొనువారు నానాటికి తగ్గుచున్నారు. కొల్లాపూరునకు పూర్వము సురభివారి సంస్థానమునకు రాజధానియై కృష్ణాతీరమున వెలసియుండిన జటప్రోలునందు, పదునేడవ శతాబ్దిలో సురభి ప్రభువుల యాస్థానము నలంకరించిన ఎలకూచి బాలసరస్వతి యను మహాపండితుడు, భర్తృహరి సుభాషితములను సురభి మల్లభూపాలుని సంబోధించుచు ‘మల్లభూపాలీయ’మను పేర తెనిగించుటయే గాక, ‘రాఘవ యాదవ పాండవీయ’మను విచిత్ర కావ్యమును గూడ రచించెను.

ఆ కావ్యమున పద్యమొక్కటి, కథలు మూడు. అక్షరములను ఒక విధమున విడదీసి యన్వయించినచో శ్రీరాముని కథ, వేరొక విధమున విడదీసినచో శ్రీకృష్ణుని కథ, మరియొక విధమున విడదీసినచో పాండవుల కథ. ఇట్టి రచన మన పూర్వులకు క్రొత్తది గాదు. రెండేసి కథలతో పింగళి సూరన ‘రాఘవ పాండవీయము’ను, రామరాజభూషణుడు ‘హరిశ్చంద్ర నలోపాఖ్యానము’ను అంతకు మునుపే వ్రాసియుండిరి. బాలసరస్వతి రెండింటిని మూడు చేసెను. ఇది యెట్లు సాధ్యమని యడుగు పాఠకునకు చిన్న యుదాహరణము చాలును. ‘రామాలయము’ అను మాటను ‘రామ, ఆలయము’ అని విడదీసినచో రాముని గుడి యగును; ‘రామా, ఆలయము’ అని విడదీసినచో, ‘రామా’ యనగా స్త్రీ గనుక, ఒక స్త్రీ యుండు ఇల్లగును. ఒక్క మాటలోనే యింత దాగియున్నప్పుడు, నాలుగు పాదముల నిండ ఇట్టి మెలికలు పెట్టి, ఏ కథకును భంగము రాకుండ మూడింటిని నడపుట కవికెంత శ్రమయో, ఆ మూడింటిని మనస్సున నిలుపుకొని, ఒకదానిని విడువక రెండవదానిని పట్టుకొనుచు పోవుట చదువరికెంత శ్రమయో ఊహింపవచ్చును.

ఇట్టి కావ్యములను విమర్శకులు కొందరు గారడి యనిరి. కవితాగుణమును బట్టి తూచినచో వారితో నేనును చాలవరకు ఏకీభవింతును. రసము కోరి పోవువాడు పోతనయొద్దకో తిక్కనయొద్దకో పోవును గాని బాలసరస్వతియొద్దకు పోడు. అయినను నేనీ గ్రంథమును పేర్కొనుట వేరొక కారణముచేత. ఇట్టి పద్యమును వ్రాయుటకు పూనుకొన్న కవికి, దీనిని చదువువారున్నారను ధైర్యము కావలెను. మెట్టపొలములు, రాళ్ళగుట్టలు, నల్లమల యడవులు నిండిన ఈ పాలమూరు సీమలో, ఒక చిన్న సంస్థానమున, ఒక్క పద్యమునకు ముప్పూటలు వెచ్చింపగల చదువరులున్నారని ఆ కవి నమ్మెను. ఆ నమ్మకమే నన్నాశ్చర్యపరచునట్టిది. నేడు కలము పట్టిన వాడెవ్వడును, పాఠకుడు తన రచనయొద్ద మూడు నిమిషములు నిలుచునని ధైర్యముగా ననుకొనజాలడు.

ఈ మాట ఇతరులను గూర్చి మాత్రమే చెప్పుచున్నానని భావింపవలదు. క్రిందటి వేసవిలో ఒక మధ్యాహ్నము, సురభి మాధవరాయలు స్వయముగా రచించిన ‘చంద్రికా పరిణయము’ను ముందుంచుకొని కూర్చుంటిని. శబ్దాలంకారములతో, శ్లేషలతో దట్టమైన ప్రబంధమది. తొందరపడువానికి లోనికి దారి యీయదు. పద్యము మొదట పడిన నా చూపు, మధ్యను దాటి చివరకు దుమికి, క్రింది పద్యము మీదికి జారుటకు తహతహలాడెను. రెండవమారు చదివితిని, అదియే జరిగెను. ఇంతలో నా చేయి, నేను పంపకయే, ప్రక్కనున్న సెల్‌ఫోను మీదికి పోయెను. అది మ్రోగలేదు, ఎవరును పిలువలేదు. చదువుటయే జీవితముగా నెంచిన నాకు ఆ క్షణమున నిజముగా భయము కలిగినది. ఇది వయస్సు తెచ్చిన మార్పా, అభ్యాసము తెచ్చిన మార్పా యని విచారింపబూని, ఈ విషయమై పరిశోధకులు చెప్పినదానిని తెలిసికొంటిని. అందు సారమనిపించిన దానిని పాఠకులతో పంచుకొనుటకే యీ వ్యాసము.

మాటలాడుట మనుష్యునకు సహజశక్తి. బడి లేని పల్లెలో పుట్టిన శిశువు కూడ, చుట్టుప్రక్కలవారు మాటలాడుచుండగా వినినంతనే మాటలు నేర్చును. చదువు అట్లు రాదు. లిపి పుట్టి సుమారు అయిదువేల యేండ్లే యైనది; మానవుని మెదడు అంతకు ఎంతో పూర్వమే యేర్పడినది గనుక, చదువుట కొరకు ప్రకృతి దానిలో ప్రత్యేకముగా చోటు నిర్మింపలేదు. ఫ్రాన్సు దేశపు మస్తిష్క శాస్త్రజ్ఞుడు స్టానిస్లాస్ డెహేన్ చూపినదేమనగా, ముఖములను, వస్తువులను గుర్తించుటకై యున్న ప్రదేశములోని కొంత భాగమును అక్షరములకై మెదడు మార్చి వాడుకొనును. చదువు నేర్చినవారియందు ఆ భాగము అక్షరమును చూడగనే మేల్కొనును, నేర్వనివారియందు మేల్కొనదు. అమెరికా దేశస్థురాలగు మేరియన్ వోల్ఫ్ అను పండితురాలు 2007లోను, మరల 2018లోను ప్రకటించిన గ్రంథములలో దీనినే ముందునకు నడిపి యొక గంభీరమైన హెచ్చరిక చేసినది. చదువు పుట్టుకతో రాలేదు గనుక, చదువు యొక్క స్వరూపము మన మెట్లు చదివితిమో దానినిబట్టియే మెదడులో నేర్పడును. నింపాదిగా చదివిన మెదడు నింపాదియైన చదువునకు, పైపైని తడవుచు పోయిన మెదడు తడవుటకు అలవడును. ఈతవచ్చినవాడు పదియేండ్లు నీటదిగకున్నను మునుగడు. చదువు అట్టి విద్య గాదు, సాధన మానిన సంగీతము వంటిది.

చదువునప్పుడు కంటి నడకను గమనించిన వారు చెప్పుమాట యొకటి కలదు. మన చూపు పంక్తివెంట నీరువలె ప్రవహింపదు. మిడుతవలె గంతులు వేయును. ఒక్కొక్కచోట సుమారు పావు సెకను నిలిచి, మరల దుముకును. ఆ పావు సెకనులోనే అక్షరము గుర్తింపబడి, మాటగా మారి, అర్థమును తెచ్చుకొనును. ఇంతవరకు ప్రతి చదువరికిని సమానమే. అటుపిమ్మట జరుగవలసిన పని వేరు. ఈ మాటకు పై వాక్యముతో నేమి సంబంధము, ఈ పాత్ర నిన్న చెప్పినదానికి నేడు చేసినదానికి పొత్తు కలదా, ఇట్టి దుఃఖము నేనెరుగుదునా, గ్రంథకర్త చెప్పినది నిజమేనా యని మనస్సు తనతో తాను సంభాషించుకొనును. చదువు గాఢమగుట యనగా ఈ సంభాషణయే. దానికి వ్యవధి కావలెను. వ్యవధి లేనిచో అర్థము తెలియును గాని ఆలోచన పుట్టదు.

ఇంటర్నెట్టు హరించునది ఈ వ్యవధినే. తెరమీద జనులెట్లు చదువుచున్నారని జేకబ్ నీల్సన్ అను నతడు 2006లో పరీక్షింపగా, పై రెండు పంక్తులను కొంత చదివి, పిమ్మట ఎడమ యంచువెంబడి క్రిందికి జారిపోవుటయే వారి పద్ధతియని తేలినది. పుటలో కుడివైపు క్రింది భాగము అనేకులకు లేనట్టిదే. అదే సంవత్సరమున అజా రాస్కిన్ అను రూపశిల్పి, పుట చివరకు చేరనక్కరలేకుండ వ్రేలితో త్రోసినకొలది క్రొత్త విషయము దిగివచ్చుచుండు అంతులేని పుటను కల్పించెను. అది తెచ్చిన యనర్థమునకు తరువాత అతడే బహిరంగముగా పశ్చాత్తాపము ప్రకటించెను. పుస్తకమునకు అధ్యాయాంతము కలదు. పత్రికకు చివరి పుట కలదు. ‘ఇక చాలు’ అని పాఠకునకు చెప్పునవి అవియే. వాట్సాపులోను, రీల్సులోను ఆ హద్దులు లేవు. తెరముందు పనిచేయువారిని గ్లోరియా మార్క్ అను కాలిఫోర్నియా యాచార్యురాలు చిరకాలము పరిశీలించి, 2004 ప్రాంతమున ఒక తెరపై సగటున రెండున్నర నిమిషములు నిలిచిన దృష్టి, ఇటీవలి సంవత్సరములలో నలువది యేడు సెకనులకు దిగినదని లెక్క చెప్పినది.

నార్వే దేశములో యాన్ మాంగెన్, ఆమె సహచరులు 2013లో ప్రకటించిన పరిశోధనలో, డెబ్బదిరెండుమంది పదవ తరగతి విద్యార్థులకు ఒకే పాఠమును, కొందరికి కాగితముమీదను, కొందరికి తెరమీదను చదువనిచ్చి ప్రశ్నలడుగగా, కాగితముమీద చదివినవారికి ఎక్కువగా బోధపడినదని తేలినది. ఒక చిన్న పరీక్షను నమ్మి తీర్పు చెప్పుట తగదు. కాని స్పెయిన్ దేశస్థులు ముఖ్యులుగా గల యొక బృందము 2000 మొదలు 2017 వరకు జరిగిన ఏబదినాలుగు పరిశోధనలను, లక్షా డెబ్బదివేల మందికి పైబడిన చదువరుల ఫలితములను కలిపి చూచి 2018లో ఇదే తీర్పు నిచ్చినది. అందు ముఖ్యముగా గమనింపవలసినవి రెండు. గడియారము తరుముచున్నప్పుడు ఈ తేడా పెరుగును. తెరలకు అలవాటుపడినకొలది తేడా తగ్గునని మనము తలపోయుదుము గదా. అది తగ్గుటకు మారుగా ఏడాదికేడాది పెరుగుచు వచ్చినది. నిష్పక్షపాతముగా మరియొకటియు చెప్పవలెను: కేవల కథలు చదువునప్పుడు ఈ భేదము కనబడలేదు. కథ తన బలముచేతనే చదువరిని పట్టుకొనిపోవును. విషయమును వివరించు గ్రంథమునందే, అనగా పాఠ్యపుస్తకము, చరిత్ర, శాస్త్రము, న్యాయము వంటి వానియందే తెర మనలను మోసగించుచున్నది. పిల్లల చదువంతయు అట్టిదే గదా.

ఇచ్చట కొందరు విజ్ఞులు నాకడ్డు చెప్పెదరు. “ఒకేసారి అనేక విషయములందు మనస్సు నిలుపుట తెలుగువానికి క్రొత్తయా? మన యవధానులు ఎనిమిదిమందికి, నూరుమందికి సమాధానము చెప్పలేదా?” యందురు. ఈ ప్రశ్న నాకెంతయు ఇష్టమైనది; ఏలయనగా ఈ సీమ అవధానములకు పెట్టినది పేరు. ఏటేటా విద్వత్సభలు జరిపి పండితులను సత్కరించినందుననే గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యను బిరుదు వచ్చినది. తిరుపతి వేంకట కవులు తమ సంస్థాన యాత్రలలో గద్వాల, ఆత్మకూరు, వనపర్తి ప్రభువులను దర్శించి, సభలు మెప్పించి, సన్మానములందిరి. కావున అవధానమన నేమో కొంచెము నిలిచి చూతము.

అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టి కూర్చుందురు. ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుచుందురు. ఒకరు పొంతనలేని పాదమిచ్చి పూరింపుమందురు. ఒకరు సంబంధము లేని నాలుగు పదములిచ్చి వానిని భారతార్థములోనో రామాయణార్థములోనో పొదుగుమందురు. ఒకరు వర్ణన కోరుదురు. ఒకరు ఆశువు చెప్పుమందురు. ఒకరు పురాణపద్యము చదివి సందర్భమడుగుదురు. ఒకరు నడుమ నడుమ గంట మ్రోగించుచుందురు, ఎన్నిమారులు మ్రోగినదో చివర అవధాని చెప్పవలెను. ఎనిమిదవవాడు అప్రస్తుత ప్రసంగి. అతని పని ఒక్కటే, అవధాని యేకాగ్రతను చెడగొట్టుట. పద్యపాదము నోటికి వచ్చుచుండగా, ఊరి సంగతియో వంట సంగతియో యెత్తి యడ్డు తగులును. నేడు మన జేబులో గంటకు పదిమారులు ‘టింగు’మను వస్తువునకు మన పూర్వులు ఎన్నడో పేరు పెట్టియుంచిరా యనిపించును.

కాని రెండింటికి భేదము చూడుడు. అవధాని ఎనిమిది పనులను ఒకేసారి చేయడు. ఒక్కొక్కరియొద్ద ఒక్కొక్క పాదము చెప్పి, రెండవవారియొద్దకు పోయి, ఒక చుట్టు ముగిసిన పిమ్మట మరల మొదటివారియొద్దకు వచ్చి, విడిచినచోటనే పట్టుకొనును. ఒక పని సగములో విడిచి మరియొక పనికి పోయినపుడు మొదటి పని యొక్క జ్ఞాపకపు తెట్టు మనస్సున మిగిలి రెండవదానిని మందగింపజేయునని సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో నిరూపించినది. అవధాని విద్యయంతయు ఆ తెట్టును తీసి ప్రక్కనుంచి, వలసినప్పుడు చెక్కుచెదరకుండ తిరిగి తెచ్చుకొనుటలోనే యున్నది. ఆ శక్తి అతనికి సభలో రాలేదు. ఏండ్ల తరబడి గురువు నెదుట ఒక్కొక్క కావ్యమును పదచ్ఛేదము, అన్వయము, తాత్పర్యము చెప్పుకొనుచు చదివి, వేలకొలది పద్యములు కంఠస్థము చేసి, వ్యాకరణ ఛందస్సులు నాలుక చివరకు తెచ్చుకొన్న పిమ్మటనే అతడు ఎనమండుగురి నెదుట కూర్చుండును. ఎనిమిదింటికి చెదరని మనస్సు ఒక్కదానిమీద పదియేండ్లు నిలిచిన మనస్సే.

అన్నిటికంటె మించినది ధారణ. సభాంతమున అవధాని తాను చెప్పిన పద్యములన్నిటిని మొదటినుండి తిరిగి యప్పజెప్పవలెను. అది లేనిచో అవధానము పూర్తియైనట్లు గాదు. నాకు తోచిన మంచి పరీక్ష యిదియే. గంటసేపు రీల్సు చూచిన పిల్లవానిని, గంటసేపు వాట్సాపు తిరుగవేసిన తండ్రిని, ధారణ చేయుమని యడుగుడు. ఏమేమి చూచితివి, ఎవరేమి చెప్పిరి, దానినుండి నీకేమి తోచినది? నేను నన్నే యడిగి చూచితిని. గంటలో చూచిన వానిలో రెండు మాత్రమే జ్ఞప్తికి వచ్చినవి. అందొకటి ఎవరో దూషించిన దూషణము.

ఈ మార్పు మా ప్రాంతమునకు వచ్చిన తేదీని ఇంచుమించుగా చెప్పవచ్చును. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో వచ్చి దేశమంతట డేటా ధరను నేలకు దించినది. నెలయైన కొలదిదినములకు, అక్టోబరు 11న, ఉమ్మడి మహబూబునగరము జిల్లా విడిపోయి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలేర్పడినవి. క్రొత్త జిల్లాయు, క్రొత్త వ్యసనమును ఇంచుమించుగా ఒక్కమారే ఇంటికి వచ్చినవన్నమాట. 2020 సెప్టెంబరు 1 నుండి, కరోనా కారణముగా బడులు మూతబడియుండగా, ప్రభుత్వ పాఠశాలల పాఠములు టీ-శాట్, దూరదర్శన్‌ల ద్వారా సాగినవి. అంతకు మునుపు పిల్లవాని చేతికి సెల్లు ఇచ్చుటకు జంకిన తల్లిదండ్రులు సయితము, చదువు పేరిట అప్పుచేసియైనను కొనియిచ్చిరి. వారిని తప్పుపట్టుట న్యాయము గాదు. బడి తెరచిన పిమ్మట ఆ వస్తువును తిరిగి తీసికొనుట యెట్లో వారికెవ్వరును చెప్పలేదు.

గ్రంథాలయమునకు పోయినచో ఏమి కనబడును? నేను చూచినవానిలో కుర్చీలు ఖాళీగా లేవు. ఇది సంతోషకరమైన విషయము. గ్రూపు పరీక్షలకు, పోలీసు ఉద్యోగములకు, ఉపాధ్యాయ నియామకములకు సిద్ధపడు యువతీయువకులు ఉదయమునుండి రాత్రివరకు కూర్చుండియుందురు. వారి శ్రమను చూచినచో కన్ను చెమర్చును. కాని అలమారులలోని పుస్తకములు కదలుట లేదు. వారిముందున్నవి కోచింగు మెటీరియలు, సెల్‌ఫోనులోని పీడీఎఫ్‌లు, బిట్ బ్యాంకులు. మన చరిత్ర, సంస్కృతి పరీక్షలో నున్నవి గనుక సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను చదివితివా యని యొక యువకుని యడిగితిని. “పుస్తకమంత సదువుడెందుకు సారూ, పరీక్షల బిట్లే వస్తయి గద” యనెను. అతడు చెప్పినది పచ్చి నిజము. ఏ గ్రంథము ఏ సంవత్సరమున వచ్చినది, దానికే పురస్కారము లభించినది యని యడుగు పరీక్ష, ఆ గ్రంథములో నేమున్నదని యడుగుట లేదు. ఇంటర్నెట్టునొక్కదానినే నిందించువారు ఈ సంగతిని మరచుచున్నారు. సెల్‌ఫోను రాకమునుపే మన గైడ్లు, మన బిట్లు, మన పరీక్షలు చదువును ముక్కలు చేసి పెట్టియుంచినవి; తరువాత వచ్చిన యంత్రము ఆ ముక్కలను మరింత చిన్నవిగా నూరినది.

ప్రతాపరెడ్డిగారి పేరు వచ్చినది గనుక ఒక సంగతి చెప్పక ముందునకు సాగలేను. ఆయన గద్వాల ప్రాంతమువారు, ఇటిక్యాలపాడు వాస్తవ్యులు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనవారు. 1926లో ‘గోలకొండ పత్రిక’ను స్థాపించి నడుపుచుండగా, తెలంగాణములో కవులు పూజ్యమను నొక యాక్షేపణ వచ్చినది. ఇట్టి మాట నేడెవరైన ననినచో ఏమి జరుగును? సాయంకాలములోగా వేలకొలది ప్రత్యుత్తరములు, తిట్లు, తిట్లకు తిట్లు వెలువడి, మరునాటికి ఆక్షేపించినవాడును ఆక్షేపింపబడినవాడును విస్మృతులగుదురు. ప్రతాపరెడ్డిగారు ఆగ్రహమును దిగమ్రింగి, గ్రామగ్రామమునకు లేఖలు వ్రాసి, పద్యములు తెప్పించి, చదివి, పరిష్కరించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందున్న కవులు మూడువందల ఏబదినలుగురు. మాటకు మాట చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. ఇట్టి సమాధానమునకు సంవత్సరములు పట్టును. అందుకే అది నేటికిని నిలిచియున్నది. గాఢముగా చదువుట యను అలవాటు పోయినచో పోవునది పుస్తకము మాత్రమే గాదు. కోపమునకును సమాధానమునకును నడుమనుండు ఆ వ్యవధి కూడ పోవును.

ఇంటర్నెట్టు వలన మేలు లేదని నేననను; అనినచో అసత్యమగును. భారత డిజిటల్ గ్రంథాలయమను పథకము క్రింద ఛాయాచిత్రములుగా నెక్కిన పాత తెలుగు గ్రంథములు, పూర్వము మద్రాసుకో హైదరాబాదుకో పోయి గ్రంథాలయాధికారిని ప్రాధేయపడినగాని చూడ వీలుగానివి, నేడు పెంట్లవెల్లిలోనో వీపనగండ్లలోనో యరుగుమీద కూర్చున్నవాని చేతికి వచ్చుచున్నవి. నిఘంటువు లేని యింట పెరిగిన పిల్లకు ‘ఆంధ్రభారతి’లో అనేక నిఘంటువులు ఒక్కసారిగా లభించుచున్నవి. పాలమూరు క్షేత్రముల చరిత్రను ఊరూర తిరిగి సేకరించిన కపిలవాయి లింగమూర్తిగారికి యౌవనములో ఇట్టి సాధనము లభించియున్నచో ఎన్ని మైళ్ళ నడక తప్పియుండెడిదో! గ్రంథము దొరకుట యింత సులభమైన కాలము తెలుగుజాతికి మునుపెన్నడును లేదు. దొరకిన గ్రంథమును చదువగల యోపిక కూడ ఇంత కరవైన కాలము లేదు. సమాచారము సమృద్ధియైన చోట అవధానము దుర్భిక్షమగునని హెర్బర్ట్ సైమన్ అను ఆర్థికవేత్త 1971లోనే, అనగా ఇంటర్నెట్టు ఇండ్లకు చేరుటకు ఎంతో ముందే, గుర్తించి హెచ్చరించెను.

మా ప్రాంతమువారికి ‘ముంపు’ అను మాట చెప్పనక్కరలేదు. శ్రీశైలము ప్రాజెక్టు కట్టినపుడు కృష్ణ వెనుకకు పొంగి ఊళ్ళను, పొలములను తనలో కలుపుకొన్నది. అప్పుడు జటప్రోలు మదనగోపాలస్వామి యాలయమును, కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, మిట్టమీదికి చేర్చి, తిరిగి కట్టిరి. కూడవెల్లి గుడి నేడు ఆలంపురములో నున్నది. ముంపు వచ్చునని ముందుగా తెలిసినది, నోటీసులు వచ్చినవి, లెక్కలు వేసిరి, కాపాడవలసినదేదో నిర్ణయించిరి. బాలసరస్వతి పద్యము చదువగల చూపునకు అట్టి నోటీసు ఎవ్వరును ఇయ్యలేదు. అది మన యిండ్లలోనే, మన మంచముల మీదనే, ప్రతి రాత్రియు కొంచెము కొంచెముగా మునుగుచున్నది. మిట్టమీదికి చేర్చు పని కూడ మన యిండ్లలోనే జరుగవలెను.

దానికి గొప్ప పథకములక్కరలేదు. పురాణ కాలక్షేపమను పేరిట మన పెద్దలు చేసినది జ్ఞప్తికి తెచ్చుకొన్న చాలును: ఒకరు చదువుట, నలుగురు వినుట, పద్యమునొద్ద ఆగి యర్థము చెప్పుకొనుట, మరునాడు ఆగినచోటనుండి సాగుట. గోన బుద్ధారెడ్డి పేర వెలసిన ‘రంగనాథ రామాయణము’ ద్విపదలోనున్నది; ఆ గోనవారు ఈ నాగర్‌కర్నూలు ప్రక్కనున్న వర్ధమానపురమును ఏలినవారే. పామరుడు సయితము పాడుకొనుటకు, వినుటకు ఆ ఛందస్సు అనువైనది. మూడు కథల పద్యమునకు పోకమునుపు పిల్లలకు అదియొక మంచి మెట్టు. రాత్రి భోజనమైన పిమ్మట అరగంట, సెల్లులన్నియు వేరొక గదిలోనుంచి, ఇంటిలో నొకరు బిగ్గరగా చదువుడు. సెల్లును వేరొక గదిలో నుంచుమనుట ఛాందసము గాదు; అది బల్లమీద నోరుమూసుకొని యున్నను దృష్టిలో కొంత భాగమును లాగుకొనునని పరీక్షించి చెప్పినవారు కలరు; అందరు పరిశోధకులును దీనిని అంగీకరింపలేదు గాని, నా యనుభవము మాత్రము వారి పక్షముననే యున్నది. మొదటి వారము మనస్సు మొరాయించును. నాకును మొరాయించినది. ‘చంద్రికా పరిణయము’ నాకు తిరిగి తలుపు తీయుటకు పందొమ్మిది దినములు పట్టినది. నేనిప్పుడు దినమునకు నాలుగు పద్యములు చదువుచున్నాను.

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటి. వారమునకొక పీరియడు, ప్రశ్నలు లేని, మార్కులు లేని చదువునకు విడిచిపెట్టుడు. తరగతిలోని ప్రతి పిల్లవాడును, ప్రతి పిల్లయు ఒక పుస్తకమును మొదటినుండి చివరవరకు తమంతట తాము ముగించినారని సంవత్సరాంతమున మీరు చెప్పగలిగినచో, ఏ ర్యాంకును దానికి సాటిరాదు.

పుస్తకమెక్కడ దొరకునని తల్లిదండ్రులు వెదుకనక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడ వసూలగుచున్నది. అది రూపాయికి ఎనిమిది పైసలు. పన్ను రసీదు మీ యింటిలో నున్నయెడల, మీ ఊరి గ్రంథాలయములోని అలమారుకు మూల్యము మీరిదివరకే చెల్లించియున్నారు. రేపు సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఒక పుస్తకమును తెచ్చుకొనుడు.